ఏ ఇన్‌ఫెక్షన్‌కి ఏ యాంటీబయాటిక్? మీ ప్రశ్నలకు డాక్టర్ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా యాంటీబయాటిక్స్ గురించే. రకరకాలుగా అడిగినా చాలామంది మనసులో ఉన్న ప్రశ్న ఒకటే, "ఇంతకంటే స్ట్రాంగ్ మందు లేదా?" అని. మందు రాసేటప్పుడు మేం చూసేవి వేరే ఉంటాయి: క్రిమి ఏది, అది ఒంట్లో ఎక్కడ కూర్చుంది, ఆ ఒళ్లు ఎవరిది. ఈ మూడూ తెలిశాక "స్ట్రాంగ్" అనే మాటకి పెద్దగా అర్థం ఉండదు. ఎందుకో ఉత్తరాల్లోనే చూద్దాం.

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 34. మూత్రంలో మంట, అస్తమానం వెళ్లాలనిపించడం... ఏడాదిలో ఇది మూడోసారి. జ్వరం లేదు. కల్చర్ చేయిస్తే ఈ. కోలై అని వచ్చింది. రిపోర్టులో బోలెడు మందుల పేర్లు, వాటి పక్కన ఎస్, ఆర్ అనే అక్షరాలు, ఆ పక్కన అంకెలు ఉన్నాయి. మెరోపెనెమ్‌కి 0.25, నైట్రోఫ్యూరంటోయిన్‌కి 16. రెండింటికీ ఎస్ అనే ఉంది. అంకె ఎంత తక్కువుంటే మందు అంత బాగా పనిచేస్తుందని మా ఇంట్లో వాళ్లు అంటున్నారు. మరి మా డాక్టరు 16 ఉన్నదాన్ని ఎందుకు రాశారు?

జవాబు: మీ డాక్టరు రాసింది సరైన మందే. ఈ అంకెల గొడవ చాలామందిని తికమక పెడుతోంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మీ మూత్రంలో దొరికిన క్రిమిని ల్యాబ్‌లో ఒక్కో మందుతో, తక్కువ మోతాదు నుంచి ఎక్కువ మోతాదు దాకా కలిపి పెంచి చూస్తారు. ఏ మోతాదు దగ్గర దాని పెరుగుదల ఆగిపోయిందో ఆ అంకెనే రిపోర్టులో వేస్తారు. దాన్ని ఎంఐసీ అంటారు, మిల్లీలీటరుకి ఇన్ని మైక్రోగ్రాములు అని లెక్క. అయితే ప్రతి మందుకీ ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దు ఏ మందుకామందుకి వేరు. అంకె ఆ హద్దు లోపుంటే ఎస్ అని, అంటే క్రిమి ఆ మందుకి లొంగుతుందని; బాగా దాటితే ఆర్ అని, అంటే లొంగదని రాస్తారు. చాలా ల్యాబ్‌లు పాటించే, సీఎల్‌ఎస్‌ఐ అనే సంస్థ ప్రమాణాల్లో ఈ. కోలై మీద నైట్రోఫ్యూరంటోయిన్‌కి 32 దాకా వచ్చినా ఎస్ అనే రాస్తారు, అదే మెరోపెనెమ్ అయితే 1 దాటగానే ఎస్ పోతుంది. అందుకని ఒక మందు అంకెని ఇంకో మందు అంకెతో పోల్చకూడదు. రిపోర్టులో మీరు చూడాల్సింది అక్షరమే. ఎస్ ఉన్నవాటిలో ఏది వాడాలన్నది ఇన్‌ఫెక్షన్ ఎక్కడుందన్న దాన్ని బట్టి ఉంటుంది.

మీకు జ్వరం లేదు, నడుము పక్కన నొప్పి గురించి కూడా రాయలేదు, అంటే ఇన్‌ఫెక్షన్ మూత్రాశయం దగ్గరే ఉందనుకోవచ్చు. నైట్రోఫ్యూరంటోయిన్ గొప్పతనం అక్కడే ఉంది. మింగిన మాత్ర రక్తంలో నామమాత్రంగా ఉండి, కిడ్నీల గుండా వచ్చి మూత్రంలో పోగవుతుంది, మీ రిపోర్టులో ఉన్న ఆ 16 కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా. క్రిమి ఎక్కడుందో మందూ అక్కడే ఉంటుంది, మిగతా ఒంటి జోలికి పెద్దగా పోదు. ఇదే కారణంతో కిడ్నీ దాకా పాకిన ఇన్‌ఫెక్షన్‌కి ఇది పనికిరాదు, ఎందుకంటే కిడ్నీ కణజాలంలోనూ రక్తంలోనూ చాలినంత మందు ఉండదు. రేపు మీకు చలి పుట్టి వణుకుతో జ్వరం వచ్చినా, నడుముకి ఒక పక్క నొప్పి మొదలైనా, వాంతులైనా అదే మాత్ర కొనసాగిస్తూ కూర్చోకండి, అప్పుడు మందు మారాలి. కిడ్నీలు బాగా బలహీనంగా ఉన్నవాళ్లకి, నెలలు నిండిన గర్భిణులకి కూడా దీన్ని ఇవ్వం.

మెరోపెనెమ్ ఇంజెక్షన్‌గా ఎక్కించే మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో యాంటీబయాటిక్స్‌ని యాక్సెస్, వాచ్, రిజర్వ్ అని మూడు గుంపులు చేసింది. మొదటి గుంపువి మామూలు ఇన్‌ఫెక్షన్లకి ముందుగా వాడాల్సినవి, నైట్రోఫ్యూరంటోయిన్ అందులోదే. మెరోపెనెమ్ రెండో గుంపులో ఉంది, నిరోధకత, అంటే క్రిములు మందుకి లొంగకపోవడం, పెరిగే ప్రమాదం ఎక్కువ కాబట్టి కనిపెట్టుకుని వాడాల్సిన మందు అని. ఐసీయూలో రక్తమంతా పాకిన ఇన్‌ఫెక్షన్‌తో ఉన్న మనిషికి దాని అవసరం ఉంటుంది. మూత్రాశయంలో మంటకి దాన్ని వాడేస్తే, రేపు నిజంగా ప్రాణం మీదికి వచ్చిన రోజున అది పనిచేయకపోవచ్చు.

ఇంకొన్ని చిన్న విషయాలు. ఈ మాత్రని తిన్నాక వేసుకోండి, వికారం తక్కువగా ఉంటుంది, ఒంటికి కూడా బాగా పడుతుంది. మూత్రం ముదురు పసుపు, గోధుమ రంగులోకి మారితే కంగారు పడొద్దు, అది మందు రంగే. బాగైపోయాక "చూద్దాం ఒకసారి" అని మళ్లీ కల్చర్ చేయించక్కర్లేదు, గర్భిణులైతే తప్ప. ఏడాదిలో మూడుసార్లు వచ్చిందంటే దాన్ని మళ్లీ మళ్లీ వచ్చే రకం కిందే లెక్కేస్తాం, కాబట్టి రాకుండా ఏం చేయాలో మీ డాక్టరుని విడిగా అడగండి. పాత రిపోర్టులూ, అప్పుడు వాడిన మందుల పేర్లూ దాచి తీసుకెళ్లండి. ఈమధ్యే వాడిన మందుకి క్రిమి అలవాటు పడి ఉండే అవకాశం ఎక్కువ, మందు ఎంచుకోవడంలో ఆ పాత చీటీ మాకు చాలా సాయపడుతుంది. శాంపిల్ ఇచ్చేటప్పుడు మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టండి. రిపోర్టులో మిక్స్‌డ్ గ్రోత్ అని వస్తే చాలావరకు చర్మం మీది క్రిములు కలిశాయనే అర్థం, దాన్ని చూసి మందు మొదలెట్టకూడదు.

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్లు. మూడు రోజులుగా జలుబు, దగ్గు, కొద్దిగా జ్వరం. ఇవాళ చీమిడి పచ్చగా వస్తోంది. రెండు నెలల కిందట ఇలాగే ఉంటే అమాక్సిసిలిన్ సిరప్ ఇచ్చారు, మూడు రోజుల్లో తగ్గిపోయింది. సీసాలో సగం మిగిలి ఉంది. అదే పట్టేయొచ్చా?

జవాబు: వద్దండీ, ఆ సీసా పారేయండి. పొడిలో నీళ్లు కలిపిన సిరప్ కొన్నాళ్లకే పాడైపోతుంది. అమాక్సిసిలిన్‌ని సాధారణంగా 14 రోజుల్లోపు, క్లావులనేట్ కలిసినదైతే ఫ్రిజ్‌లో పెట్టి 7 రోజుల్లోపు వాడేయాలి. రెండు నెలలైన సిరప్‌లో మందు ఎంత మిగిలి ఉందో చెప్పలేం. ఈ రెండు నెలల్లో బాబు బరువూ మారి ఉంటుంది, పిల్లలకి డోసు బరువుని బట్టే లెక్కేస్తాం.

అసలు సంగతి ఏంటంటే, పచ్చ రంగు చూడగానే బ్యాక్టీరియా అనుకోవడం పొరపాటు. జలుబు చేసినప్పుడు ముక్కులోకి తెల్ల రక్తకణాలు పెద్ద సంఖ్యలో వస్తాయి, వాటిలో ఉండే ఒక ఎంజైమ్‌కి సహజంగానే పచ్చ రంగు ఉంటుంది. వైరస్ జలుబులోనూ మూడో రోజుకో నాలుగో రోజుకో చీమిడి చిక్కబడి పచ్చబడుతుంది, తర్వాత అదే పోతుంది. పోయినసారి మూడు రోజుల్లో తగ్గింది మందు వల్లే అని మీకు అనిపించడం సహజం, కానీ మందు పట్టకపోయినా బహుశా ఆ మూడు రోజుల్లోనే తగ్గేది. వైరస్ మీద యాంటీబయాటిక్ ఏమాత్రం పనిచేయదు. అమాక్సిసిలిన్ బ్యాక్టీరియా చుట్టూ ఉండే గోడ కట్టుకోకుండా అడ్డుపడుతుంది, వైరస్‌కి అసలు అలాంటి గోడే లేదు.

మరి డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? బాబు నిద్రపోతున్నప్పుడో, ఊరికే పడుకున్నప్పుడో చొక్కా ఎత్తి, పూర్తిగా ఒక నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకి 40, ఆపైన ఉంటే వేగంగా ఉన్నట్టే. ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల కింద గుంటలు పడుతున్నా, నీళ్లు కూడా తాగకుండా మగతగా ఉన్నా ఆ క్షణమే తీసుకెళ్లండి. చెవి నొప్పి అని ఏడుస్తున్నా, తగ్గినట్టే తగ్గి మళ్లీ జ్వరం పెరిగినా చూపించాలి, జలుబు మీద బ్యాక్టీరియా వచ్చి చేరే పద్ధతి అదే. దగ్గు లేకుండా గొంతు విపరీతంగా నొప్పి, టాన్సిల్స్ మీద తెల్లటి మచ్చలు, మెడ ముందు బిళ్లలు కట్టడం ఉంటే అది స్ట్రెప్టోకాకస్ కావచ్చు. గొంతులోంచి దూదితో తీసి పరీక్ష చేస్తే తెలిసిపోతుంది. అది తేలితే మాత్రం పెన్సిలిన్ గానీ అమాక్సిసిలిన్ గానీ 10 రోజులు పట్టాలి, గుండె కవాటాలని దెబ్బతీసే రుమాటిక్ జ్వరం రాకుండా.

ప్రశ్న: అమ్మా, నాకు 68 ఏళ్లు. ఆయాసానికి స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నాను. సైనస్ అని లివోఫ్లాక్సాసిన్ రాశారు. నాలుగో రోజు నుంచి మడమ పైన వెనక భాగం నడుస్తుంటే లాగేస్తోంది. మందుకీ దీనికీ సంబంధం ఉంటుందా? ఇంకా మూడు మాత్రలున్నాయి.

జవాబు: ఉంటుందండీ. ఈ పత్రిక చేతికి అందేదాకా మీరు ఆగి ఉండరనే నా ఆశ, అందుకే మీకు విడిగా కూడా జవాబు పంపాం. మిగతా మూడు మాత్రలు వేసుకోకండి, రాసిన డాక్టరుకి ఇవాళే ఫోన్ చేయండి, ఆ కాలికి విశ్రాంతి ఇవ్వండి, నొప్పి ఉంది కదా అని మర్దనాలూ వ్యాయామాలూ చేయొద్దు.

లివోఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి ఫ్లోరోక్వినోలోన్లు మడమ వెనక ఉండే అకిలిస్ స్నాయువుని వాచేలా చేయగలవు, ఒక్కోసారి అది తెగిపోతుంది కూడా. 60 దాటినవాళ్లకీ, స్టెరాయిడ్లు వాడేవాళ్లకీ ఈ ముప్పు ఎక్కువ. మీకు రెండూ ఉన్నాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే ఈ మందుల మీద పెద్ద అక్షరాల హెచ్చరిక పెట్టించింది. 2016లో మరో అడుగు ముందుకేసి, వేరే మందు దొరికినప్పుడు సైనస్‌కీ, మామూలు బ్రాంకైటిస్‌కీ, మూత్రాశయ ఇన్‌ఫెక్షన్‌కీ వీటిని వాడొద్దని చెప్పింది. ఇవి చెడ్డ మందులని కాదు నేననేది, కొన్ని మొండి ఇన్‌ఫెక్షన్లకి నోటితో మింగగలిగే దిక్కు ఇవే అవుతాయి. మీ వయసుకీ, మీరు వాడుతున్న స్టెరాయిడ్‌కీ, సైనస్‌కీ మాత్రం ఇది మొదటి ఎంపిక కాకూడదు. ఇక ముందు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా "ఫ్లోరోక్వినోలోన్‌తో మడమ నొప్పి వచ్చింది" అని మీరే ముందు చెప్పండి, ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి.

ప్రశ్న: చిన్నప్పుడు పెన్సిలిన్ పడలేదని మా అమ్మ చెబుతుండేది. నాకేం గుర్తులేదు. ఇప్పుడు 41. వచ్చే నెల మోకాలి ఆపరేషన్. ఎలర్జీ అని చెప్పాలా, వద్దా? చెబితే తక్కువ రకం మందు ఇస్తారేమోనని టెన్షన్.

జవాబు: తప్పకుండా చెప్పండి, అయితే "పడదు" అని ఒక్క ముక్కతో ఆపేయకండి. అమ్మగారు ఉంటే అడిగి తెలుసుకోండి: అప్పుడు ఏమైంది? మందు వేశాక ఎంతసేపటికి? ఒళ్లంతా దద్దుర్లా, పెదాలు, గొంతు వాచాయా, ఊపిరి ఆడలేదా, లేక విరేచనాలేనా? విరేచనాలు, వికారం ఎలర్జీ కిందికి రావు. చర్మం పొక్కులు లేచి ఊడిపోయినట్టు అయి ఉంటే మాత్రం గట్టిగా చెప్పాలి, అలాంటివాళ్లకి మళ్లీ ఆ మందు ఇచ్చి పరీక్షించే ప్రశ్నే లేదు.

పెన్సిలిన్ ఎలర్జీ ఉందని చెప్పుకునేవాళ్లని పద్ధతిగా పరీక్షిస్తే పదిలో తొమ్మిది మందికి అసలు ఎలర్జీ ఉండదు. కొందరికి అప్పుడొచ్చినవి వైరస్ దద్దుర్లు, మందు మీదికి నింద పడింది. ఇంకొందరికి నిజంగానే ఉన్నా పదేళ్లు గడిచేసరికి చాలామటుకు పోతుంది. మీ టెన్షన్‌లోనూ అర్థం ఉంది, ఎలర్జీ అనే ముద్ర ఉన్నవాళ్లకి ఆపరేషన్‌కి ముందు వేరే మందులు ఇస్తుంటారు, వాళ్లలో గాయం దగ్గర ఇన్‌ఫెక్షన్లు కాస్త ఎక్కువగా కనిపిస్తున్నాయి కూడా. కీళ్ల ఆపరేషన్‌కి ముందు మామూలుగా ఇచ్చేది సెఫజోలిన్. ఇది పెన్సిలిన్‌కి దూరపు చుట్టమే అయినా దాని పక్క గొలుసు (మందు అణువుకి పక్కన అతుక్కుని ఉండే భాగం) నిర్మాణం పూర్తిగా వేరు, అందుకే పెన్సిలిన్ పడనివాళ్లలో కూడా ఎక్కువమందికి ఇబ్బంది లేకుండా ఇవ్వగలుగుతున్నారు. నెల టైముంది కాబట్టి ఇప్పుడే సర్జన్‌కీ, మత్తు డాక్టరుకీ చెప్పి ఎలర్జీ పరీక్ష చేయించుకోవచ్చా అని అడగండి. ఇంట్లో అర మాత్ర వేసుకుని చూద్దామనే ఆలోచన మాత్రం కలలో కూడా వద్దు.

ప్రశ్న: ఏడు రోజులకి రాసిన మందు మూడో రోజుకే హాయిగా ఉంది. కోర్సు పూర్తి చేయకపోతే క్రిములు మొండిగా తయారవుతాయంటారు. ఈమధ్య ఎక్కడో, పూర్తి చేయక్కర్లేదని చదివాను. ఏది నమ్మాలి?

జవాబు: రెండు మాటల్లోనూ నిజం ఉంది, అందుకే చిక్కు. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే చెప్పాడు, చాలీచాలని డోసు వాడితే క్రిములు మందుకి అలవాటు పడతాయని. గొంతు నొప్పికి సొంతంగా పెన్సిలిన్ కొనుక్కుని కొంచెమే వాడిన మనిషి కథ ఒకటి ఊహించి మరీ చెప్పాడు. విచిత్రం ఏంటంటే ఆయన ఉదాహరణకి తీసుకున్న ఆ గొంతు స్ట్రెప్టోకాకస్ ఇప్పటికీ పెన్సిలిన్‌కి లొంగుతూనే ఉంది, మొండికేసినవి వేరే క్రిములు.

ఆ తర్వాత తెలిసిన విషయం ఇంకొకటి ఉంది. మనం మింగిన యాంటీబయాటిక్ ఊపిరితిత్తుల్లోని క్రిమి మీద మాత్రమే పడి ఊరుకోదు, పేగుల్లో, చర్మం మీద ఉన్న మంచి బ్యాక్టీరియా అన్నింటి మీదా పడుతుంది. ఎన్ని రోజులు ఎక్కువ వాడితే అక్కడ అన్ని రోజులు లొంగనివి మిగిలి, లొంగేవి పోతాయి. 2017లో బీఎంజే అనే వైద్య పత్రికలో కొందరు నిపుణులు ఇదే ఎత్తిచూపి, కోర్సు పూర్తి చేయాలనే మాటని మళ్లీ ఆలోచించాలన్నారు. ఈలోగా అధ్యయనాలు కూడా చాలా ఇన్‌ఫెక్షన్లకి తక్కువ రోజులు సరిపోతాయని చూపించాయి. బాగా కోలుకుంటున్న మామూలు న్యుమోనియాకి 5 రోజులు, మూత్రాశయానికి నైట్రోఫ్యూరంటోయిన్ 5 రోజులు చాలు. క్షయకి ఇది అస్సలు వర్తించదు, అక్కడ నెలల తరబడి వాడాల్సిందే, మధ్యలో ఆపడమంటే ప్రమాదాన్ని పిలవడమే. ఎముక, గుండె కవాటం ఇన్‌ఫెక్షన్లకీ వారాలు పడుతుంది.

కాబట్టి మీ అంతట మీరు ఆపకండి. ఫోన్ చేసి, "మూడు రోజులకే తగ్గింది, జ్వరం లేదు, ఐదో రోజుకి ఆపొచ్చా?" అని సూటిగా అడగండి. ఈ ప్రశ్నకి నొచ్చుకునే డాక్టరు ఉండకూడదు. ఆపమంటే మిగిలిన మాత్రలు దాచుకోవద్దు, ఇంకొకరికి ఇవ్వొద్దు.

ప్రశ్న: మా ఆయనకి తొడ మీద పెద్ద గడ్డ లేచింది. ఎర్రగా, వేడిగా ఉంది, మధ్యలో నొక్కితే మెత్తగా ఉంది. అమాక్సిసిలిన్-క్లావులనేట్ మూడు రోజులు వేసుకున్నా జ్వరం దిగలేదు. మందు మార్చమంటే డాక్టరు మార్చకుండా, కోసి చీము తీయాలంటున్నారు. మాత్రతో పోయేదానికి కోత ఎందుకు?

జవాబు: మాత్రతో పోదు కాబట్టే కోత. మధ్యలో మెత్తగా ఉందంటే లోపల చీము గూడు కట్టింది. ఆ గూటిలోకి రక్తనాళాలు ఉండవు, మందు వెళ్లేది రక్తంతోనే, ఇక ఎలా చేరుతుంది? చేరిన కాస్తా కూడా అక్కడి ఆమ్లంలో, ఆక్సిజన్ లేని చోట సరిగా పనిచేయదు, జెంటమైసిన్ లాంటివి అయితే మరీను. చీము బయటికి వచ్చేస్తే చాలామందికి ఆ రోజు నుంచే జ్వరం దిగడం మొదలవుతుంది. కోసినప్పుడు కొంత చీముని కల్చర్‌కి పంపమని అడగండి. ఇలాంటి గడ్డలకి ఎక్కువగా స్టాఫిలోకాకస్ ఆరియస్ కారణం, అందులో ఎంఆర్‌ఎస్‌ఏ అనే రకం అమాక్సిసిలిన్-క్లావులనేట్‌కి లొంగదు. అది తేలితే అప్పుడు మందు మార్చడానికి ఒక కారణం ఉంటుంది.

"తగ్గలేదు, మార్చండి" అనేవాళ్లందరికీ ఈ సందర్భంలోనే ఒక మాట. సరైన మందైనా పని కనిపించడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అప్పటికీ తగ్గకపోతే మేం ముందు వెతికేది కారణాన్ని. చీము ఎక్కడైనా దాక్కుందా? అసలు బ్యాక్టీరియానేనా? న్యుమోనియా అయితే మైకోప్లాస్మా కావచ్చు. దానికి గోడ ఉండదు కాబట్టి గోడ మీద పనిచేసే అమాక్సిసిలిన్ డోసు ఎంత పెంచినా దండగే, డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ లాంటివి కావాలి. మందు అక్కడిదాకా చేరుతోందా? డాప్టోమైసిన్ అని ఒక మందుంది, రక్తంలోని మొండి స్టాఫిలోకాకస్‌ని సైతం చంపుతుంది, కానీ ఊపిరితిత్తుల లోపలి జిగురు పొర దాన్ని పట్టేసి పనికిరాకుండా చేస్తుంది, అందుకే న్యుమోనియాకి వాడరు. కొన్నిసార్లు కారణం చాలా మామూలుది, సిప్రోఫ్లాక్సాసిన్‌నో డాక్సీసైక్లిన్‌నో ఐరన్, కాల్షియం మాత్రలతో కలిపి వేసుకుంటే అవి రెండూ అతుక్కుపోయి మందు ఒంటికి పట్టదు.

మీ ఆయనకి ఎరుపు ఎక్కడిదాకా ఉందో అంచు వెంబడి పెన్నుతో గీత గీసి పెట్టండి. గీత దాటి వేగంగా పాకుతున్నా, చర్మం నల్లబడినా, పైకి కనిపించేదానికి పొంతన లేనంత నొప్పి ఉన్నా, మాట తడబడుతున్నా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ప్రశ్న: యాంటీబయాటిక్‌తో పాటు బీ కాంప్లెక్స్ తప్పనిసరా?

జవాబు: కాదు. కోర్సులో గానీ, అయిపోయిన కొన్ని వారాల్లోపు గానీ రోజుకి మూడు, అంతకంటే ఎక్కువసార్లు నీళ్ల విరేచనాలైతే డాక్టరుకి చెప్పడం తప్పనిసరి. క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే క్రిమి పేగుల్లో పెరిగి ఉండొచ్చు. అప్పుడు విరేచనాలు ఆపే మాత్ర సొంతంగా వేసేసుకోవద్దు.

ప్రశ్న: మా అత్తయ్యకి 82. మామూలు చెకప్‌లో మూత్రంలో బ్యాక్టీరియా ఉందని వచ్చింది, కల్చర్‌లో కూడా లక్షకి పైగా అని ఉంది. ఆవిడకి మంట లేదు, జ్వరం లేదు, ఎప్పటిలాగే ఉన్నారు. మందు వాడకపోతే కిడ్నీకి పాకుతుందని భయంగా ఉంది.

జవాబు: ఆవిడకి ఏ ఇబ్బందీ లేకపోతే మందు అక్కర్లేదు. వయసు పైబడిన ఆడవాళ్లలో ఇలా బ్యాక్టీరియా ఊరికే ఉండటం చాలా మామూలు. మందిస్తే కొన్నాళ్లు పోయి మళ్లీ వస్తుంది, ఈసారి ఆ మందుకి లొంగనిది వచ్చి కూర్చుంటుంది. పైగా ఆ వయసులో విరేచనాలు, మిగతా మందులతో గొడవలు అదనం. ఏ లక్షణమూ లేకపోయినా వైద్యం చేసేది ముఖ్యంగా గర్భిణులకీ, మూత్రనాళంలో రక్తం వచ్చే అవకాశం ఉన్న ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్లకీ. మూత్రం వాసన వస్తోందనో, మసగ్గా ఉందనో కూడా మందు మొదలెట్టొద్దు.

జ్వరం, వణుకు, కొత్తగా మంట, నడుము పక్క నొప్పి, వీటిలో ఏది కనిపించినా అప్పుడు కథ వేరు. ఆ రోజు మొదటి మాత్ర వేయకముందే మూత్రం కల్చర్‌కి ఇవ్వండి, జ్వరం ఎక్కువగా ఉంటే రక్తం కల్చర్ కూడా తీయించండి, ఒక్క డోసు పడినా క్రిమి ల్యాబ్‌లో పెరగకపోవచ్చు. అయితే ఆవిడ మగతగా ఉన్నా, బీపీ పడిపోయినా రిపోర్టు కోసం ఎదురుచూస్తూ మందు ఆపరు. శాంపిల్ తీసుకున్న వెంటనే ఆసుపత్రిలో మందు మొదలుపెట్టేస్తారు, రెండు మూడు రోజుల్లో రిపోర్టు వచ్చాక దాన్ని బట్టి సరిపోయే చిన్న మందుకి మారుస్తారు. అలా మార్చినప్పుడు "మందు తగ్గించేశారేంటి" అని కంగారు పడకండి, క్రిమి ఏదో తెలిసిపోయిందన్నమాట.